రావెన్‌స్కార్ ఒక్కటే ఉంచు

మిడిల్స్‌బరో,
జూలై 14

అమ్మడూ,

ఆగస్టులో మీ అత్తగారు, మామగారు వస్తున్నారనీ, అందరూ కలిసి ఒకరోజు సముద్రం వైపు వెళ్దామనుకుంటున్నారనీ రాశావు. నువ్వు పంపిన జాబితా చూశాను. పొద్దున విట్బీ, దారిలో గోత్‌లాండ్ స్టేషను, మధ్యాహ్నం రాబిన్ హుడ్స్ బే, సాయంత్రం స్కార్‌బరో కోట. ఆరేళ్లవాడు, తోపుడుబండిలో రెండేళ్లది, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, పైగా లీడ్స్ నుంచి రానూ పోనూ కారులోనే నాలుగు గంటలు. ఇలా అయితే ఆ రోజంతా పార్కింగు వెతుక్కోవడానికే సరిపోతుంది. మిగతావన్నీ కొట్టేసి రావెన్‌స్కార్ ఒక్కటే ఉంచు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, తీరిగ్గా చదువు.

నార్త్ యార్క్ మూర్స్ 1952లో నేషనల్ పార్కు అయింది. మొత్తం 1,436 చదరపు కిలోమీటర్లు. అందులో మూడోవంతు దాకా హెదర్ పొదలు పరుచుకున్న ఎత్తైన బయలు నేల. దానినే ఇక్కడివాళ్లు మూర్ అంటారు. తూర్పున ఉత్తర సముద్రం. పార్కుకి 26 మైళ్ల తీరం ఉంది. కానీ ఆ తీరంలో చాలాచోట్ల మూర్‌కీ సముద్రానికీ మధ్య పొలాలు అడ్డం వస్తాయి. రెండింటినీ చూడాలంటే కారెక్కి దిగాల్సిందే. రావెన్‌స్కార్ దగ్గర ఆ దూరం మైలుకి కుదించుకుపోయింది. పైన హెదర్‌లో నిలబడితే కిందనే సముద్రం కనిపిస్తుంది. చిన్నపిల్లలు కూడా ఒక పూటలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవగలరు. పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా అనువైన చోటు ఈ తీరంలో నాకు తెలిసి లేదు.

ముందు పైకి వెళ్లండి. పెద్దరోడ్డు నుంచి రావెన్‌స్కార్ ఊరికి వచ్చే దారిలో, ఊరు ఇంకా రాకముందే, ఎడమా కుడీ మూర్ ఉంటుంది. పొడుగాటి రేడియో మాస్ట్ ఒకటి కనిపిస్తుంది. అక్కడి నుంచి స్టోనీ మార్ల్ మూర్ మీదికి వెడల్పాటి బాట ఉంది. మీ మామగారు నిదానంగా నడవగలిగినంత చదునుగానే ఉంటుంది. అరమైలు వెళ్లి వెనక్కి తిరిగినా చాలు. ఆగస్టులో ఆ నేలంతా ఊదారంగు. హెదర్ పిల్లవాడి నడుము దాకా వస్తుంది. పూలమీద తేనెటీగల రొద దారి పొడవునా వినిపిస్తుంది. తేనెటీగల పెంపకందారులు పూల రోజుల్లో తమ పెట్టెల్ని తెచ్చి మూర్ మీద పెట్టుకుంటారు. ఆ తేనె చిక్కగా, కాస్త చేదు కలిసిన రుచితో ఉంటుంది. దుకాణంలో కనిపిస్తే ఒక సీసా కొని మీ అత్తగారికి ఇవ్వు.

పెద్దాడు అడుగుతాడు, ఇక్కడ చెట్లెందుకు లేవని. వాడికి నిజం చెప్పు. ఒకప్పుడు ఇదంతా అడవి. వేల ఏళ్ల కిందట, కంచుయుగం నాటి మనుషులు పొలాల కోసం, పశువుల కోసం చెట్లు నరికారు. నేలలో సారం వానకి కొట్టుకుపోయి, ఆమ్లపు మట్టి మిగిలింది. ఆ మట్టిలో హెదర్ బతుకుతుంది. తర్వాత గొర్రెలు మొలకల్ని మేసేశాయి. గ్రౌస్ అనే పక్షుల వేట కోసం ఎస్టేటువాళ్లు చలికాలంలో హెదర్‌ని ముక్కలు ముక్కలుగా తగలబెట్టి, లేత చిగుళ్లు వచ్చేలా చేస్తారు. అందుకే కొన్నిచోట్ల పొదలు ఎత్తుగా, కొన్నిచోట్ల పొట్టిగా కనిపిస్తాయి. ఆ కంచుయుగం వాళ్ల సమాధి దిబ్బలు ఇప్పటికీ ఆ మూర్ మీదే ఉన్నాయి. 2003లో పక్కనున్న ఫైలింగ్‌డేల్స్ మూర్ మీద పెద్ద మంట చెలరేగి పీట్ నేల కాలిపోయింది. కాలిన నేల కింద అంతకుముందు ఎవరి కంటా పడని రాతి చెక్కడాలు, గోడల ఆనవాళ్లు బయటపడ్డాయి. మనిషి చెయ్యి పడని ప్రకృతి అని ఇక్కడి బోర్డులు చూసి అనుకోవద్దు. ఇది మనుషులు చేసిన నేల, మనుషులే కాపాడాల్సిన నేల. అగ్గిపుల్ల గియ్యడం, బార్బెక్యూ పెట్టడం ఆగస్టులో చాలా ప్రమాదం.

ఆ తర్వాత ఊళ్లోకి దిగండి. ఊరంటే పెద్దగా ఏమీ ఉండదు. 1890లలో ఒక కంపెనీ ఇక్కడ స్కార్‌బరోకి పోటీగా విహారపట్టణం కడతామని స్థలాలు అమ్మింది. రోడ్లు వేశారు, మురుగు కాలవలు తవ్వారు, రైలు స్టేషను అప్పటికే ఉంది. ఇళ్లు మాత్రం కొన్నే లేచాయి. కొండచరియ ఆరువందల అడుగుల ఎత్తు. ఇసుక తీరం లేదు, ఉన్న రాళ్ల ఒడ్డుకి దిగాలంటే ప్రాణం మీదికొస్తుంది. కొన్నవాళ్లు చూసి వెనక్కి పోయారు, కంపెనీ దివాలా తీసింది. ఆ వీధులు ఇప్పటికీ ఉన్నాయి, గడ్డి మధ్యలో ఇళ్లు లేని వీధులు. మీ మామగారు రియల్ ఎస్టేటు లేఅవుట్లు చూసినవారే కాబట్టి ఆయనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మీరు రెండుగా విడిపోండి. మోకాళ్లున్నవాళ్లూ తోపుడుబండీ సిండర్ ట్రాక్ మీదికి, కాళ్లున్నవాళ్లు కొండ కిందికి.

సిండర్ ట్రాక్ అంటే స్కార్‌బరో నుంచి విట్బీ దాకా 21 మైళ్ల పాత రైలు కట్ట. 1885లో రైలు నడిచింది, 1965లో మూసేశారు, పట్టాలు తీసేశారు. పట్టాల కింద కంకరకి బదులు బొగ్గు బూడిద పోశారు కాబట్టి ఆ పేరు. రావెన్‌స్కార్‌లో పాత ప్లాట్‌ఫారం ఇంకా ఉంది. రైలు ఎక్కగలిగిన దారి గనుక మెట్లుండవు, గోడలు ఎక్కాల్సిన పని ఉండదు. కానీ ఒక సంగతి గుర్తుంచుకో. రావెన్‌స్కార్ ఆ లైను మొత్తంలో ఎత్తైన చోటు. ఉత్తరాన రాబిన్ హుడ్స్ బే వైపు ప్రతి 39 అడుగులకీ ఒక అడుగు చొప్పున దిగుతుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు దిగిన ప్రతి అడుగూ ఎక్కాలి, అదీ నిద్రపోయిన పిల్లని తోసుకుంటూ. వానలు పడితే బురద గుంటలూ ఉంటాయి. చిన్న చక్రాల బండి ఇంట్లో వదిలేసి పెద్ద చక్రాలది తెచ్చుకో. మీ అత్తగారిని పావుగంట నడిపించి, అక్కడి నుంచి వెనక్కి తీసుకురండి. మొత్తం అఖాతం ఆ కాస్త దూరం నుంచే కనిపిస్తుంది. ఎక్కువ నడిచిన గొప్ప మనకొద్దు.

కిందికి దిగేది నువ్వూ, మీ ఆయనా, పెద్దాడూ. నేషనల్ ట్రస్టు కేంద్రం దగ్గర్నుంచి బాట పట్టుకుని సగం కొండ దిగితే పాత పటిక కార్ఖానా పునాదులు వస్తాయి. ఇది నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న చోటు. 17వ శతాబ్దం నుంచి 1862 దాకా ఇక్కడ పటిక తీశారు. అంతకుముందు ఐరోపాకి పటిక ఎక్కువగా పోప్ ఏలుబడిలోని ఇటలీ గనుల నుంచి వచ్చేది. పోప్‌తో తెగతెంపులు చేసుకున్న ఇంగ్లండుకి ఉన్ని బట్టలకి రంగు పట్టించడానికి సొంత పటిక కావలసి వచ్చింది. ఈ కొండచరియలోని నల్లటి పలకరాయిలో అది దొరికింది. రాయిని తవ్వి, కట్టెలమీద గుట్టలు పోసి, నెలల తరబడి కాల్చేవారు. కాలిన రాయిని నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని మరిగించి, అందులో సముద్రపు నాచు బూడిదో, నిలవ మూత్రమో కలిపితే పటిక స్ఫటికాలు కట్టేది. ఆ మూత్రం ఇక్కడ చాలక లండన్ నుంచీ న్యూకాజిల్ నుంచీ పీపాలతో ఓడల్లో తెచ్చేవారు. పెద్దాడికి ఈ ఒక్క ముక్క చెప్పు, కొండ మళ్లీ ఎక్కేదాకా ఇంకేమీ అడగడు.

మీ అత్తగారి పుట్టిల్లు పెడన కదా. పైకి వచ్చాక ఆవిణ్ణి అడుగు, కలంకారీలో ఎరుపు ఎలా వస్తుందని. కరక్కాయ పట్టించిన బట్టమీద అచ్చుతో పటిక నీళ్లు అద్ది, రంగు వేళ్లతో మరిగిస్తే పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట ఉతికితే పోతుంది. యార్క్‌షైర్ ఉన్నికీ మచిలీపట్నం నూలుకీ రంగు పట్టించినది ఒకే ఉప్పు. ఆవిడ చిన్నప్పుడు కాలవలో బట్టలు జాడించడం చూసే ఉంటుంది. మనవడికి ఆ కథ చెప్పాల్సింది ఆవిడే. నడక మధ్యలో, కొండమీద గాలిలో కూర్చుని చెబితే వాడికి అది జీవితాంతం గుర్తుంటుంది. మనవాళ్లు ఈ దేశం వచ్చినప్పుడు మాల్‌కీ గుడికీ తిప్పి పంపేస్తాం. వాళ్ల దగ్గరున్నది పిల్లలకి అందడానికి సందర్భం కుదరదు.

ఆ కార్ఖానాకి కింద, మొన దగ్గర రాళ్లమీద సీల్స్ ఎండలో పడుకుని ఉంటాయి. అక్కడికి దిగే దారి నిటారుగా, జారుడుగా ఉంటుంది. ఈసారికి వద్దు. పెద్దాడికి పదేళ్లు వచ్చాక వెళ్లండి, అదీ దూరం నుంచే చూడాలి. మనిషి దగ్గరికి వస్తే అవి బెదిరి నీళ్లలోకి దూకుతాయి, పిల్లల్ని వదిలేసిపోయే ప్రమాదం కూడా ఉంది.

నీ జాబితాలోని రాబిన్ హుడ్స్ బే వేరే రోజుకి ఉంచు, కారణాలు రెండు. ఆ ఊరి వీధి ఇంటి మేడమెట్లంత నిటారు. కార్లన్నీ పైనే ఆపాలి, మీ అత్తగారు దిగితే ఎక్కలేరు. రెండోది ఆటుపోట్లు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మన తీరంలో పెరిగినవాళ్లకి ఇది అలవాటు లేని విషయం. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఇక్కడ అమావాస్య, పున్నమి రోజుల చుట్టూ అది నాలుగున్నర మీటర్ల దాకా పోతుంది. ఆటు వేళ పావుమైలు మేర రాతి పలకలు బయటపడి, పిల్లలు పీతలు వెతుక్కునే నీటి మడుగులు తేలుతాయి. పోటు వేళ అదే చోట సముద్రం వచ్చి కొండచరియని కొడుతుంది, మధ్యలో నిలబడటానికి గజం నేల ఉండదు. వెనక దారి మూసుకుపోయి చిక్కుకునేవాళ్లలో ఎక్కువమంది ఎదురుగా నీళ్లు ఎక్కడో ఉన్నాయని ధీమాగా కూర్చున్నవాళ్లే. నీళ్లు ముందు మూలమలుపుల దగ్గర చేరతాయి.

కాబట్టి ఆ రోజు వచ్చినప్పుడు గడియారం చూసి కాకుండా ఆటుపోట్ల పట్టిక చూసి బయల్దేరు. ఆటు వేళ రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది గనుక పోయిన వారం చూసింది ఈ వారం పనికిరాదు. కొన్ని పట్టికలు ఏడాదంతా గ్రీనిచ్ టైములోనే అచ్చువేస్తారు, వేసవిలో దానికి గంట కలుపుకోవాలి. కొన్ని కలిపే ఇస్తాయి. ఏ రకమో ముందే చూసుకో. కలిపిన దానికి నువ్వు మళ్లీ కలిపితే, గంట ఆలస్యంగా ఒడ్డుకి దిగి, నీళ్లు తిరిగే వేళకి మధ్యలో ఉంటావు. పూర్తి ఆటుకి గంటన్నర ముందు రాబిన్ హుడ్స్ బేలో దిగి, ఒడ్డువెంట దక్షిణంగా నడిస్తే మైలులోపే బాగిల్ హోల్ అనే చిన్న లోయ వస్తుంది. అక్కడ పాత పిండిమిల్లులో యూత్ హాస్టల్ ఉంది, తినడానికి ఏదైనా దొరుకుతుంది. తిరిగి రావడం మాత్రం ఒడ్డున వద్దు. మెట్లెక్కి కొండ అంచున ఉన్న క్లీవ్‌ల్యాండ్ వే మీదుగా రండి. పిల్లలతో ఎప్పుడూ ఇదే వరస: దిగేది ఆటులో, తిరిగొచ్చేది పైదారిన. ఎవరైనా చిక్కుకున్నట్టు కనిపిస్తే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. కొండ కింద కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకని దిగేముందే పైనున్న ఎవరికైనా చెప్పి దిగండి.

ఆ ఒడ్డున రాళ్లలో చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. మీ మామగారి పూజలో సాలగ్రామం ఉంటుందని నువ్వే చెప్పావు. గండకీ నదిలో దొరికే ఆ రాయిలో ఉండే చక్రం కూడా జురాసిక్ కాలపు అమ్మోనైటే. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. విట్బీలో వీటిని పాములంటారు. ఏడో శతాబ్దంలో విట్బీ మఠాన్ని నడిపిన సెయింట్ హిల్డా పాముల్ని రాళ్లుగా మార్చిందని ఇక్కడి కథ. అమ్ముకునేవాళ్లు వాటికి పాము తలలు చెక్కి మరీ అమ్మేవారు. ఒకటి దొరికితే ఆయన చేతిలో పెట్టు. విడిగా పడున్న చిన్న రాయి తీసుకోవచ్చు, కొండచరియని సుత్తితో కొట్టడం మాత్రం తప్పు, ప్రమాదం కూడా. ఆ చరియలు వానల తర్వాత విరిగి పడుతుంటాయి. పిల్లల్ని వాటి పాదాల దగ్గర కూర్చోనివ్వకు.

ఇంకో ముఖ్యమైన మాట. కిందటిసారి మీరు కొండ అంచున ఒక గేటు దగ్గర ఆగి, ఎవరిదో పొలంలా ఉందని వెనక్కి వచ్చేశామని మీ ఆయన చెప్పాడు. అలా రావద్దు. నేషనల్ పార్కులో ఎక్కువ భూమి సొంతదారులదే, కానీ దాని మధ్యలోంచి పోయే బాటలు అందరివీ. పసుపు బాణం ఉంటే నడిచేవాళ్లకి, నీలం బాణం ఉంటే గుర్రాలకీ సైకిళ్లకీ కూడా. సింధూరపు కాయ గుర్తు ఉంటే అది నేషనల్ ట్రైల్. ఆ గుర్తున్న క్లీవ్‌ల్యాండ్ వే 1969 నుంచీ ఉంది. 2000లో చేసిన చట్టం మూర్‌లాంటి బయలు నేలల్లో బాట విడిచి కూడా కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1932లో డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండమీదికి మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు కూలీలు, కుర్రాళ్లు గుంపుగా ఎక్కి, కొందరు జైలుకి పోయారు. వాళ్లు నడిస్తే వచ్చిన హక్కు నీ పిల్లలకీ అంతే ఉంది. గేటు తీసుకుని వెళ్లి, వెనకాలే మూసెయ్యి, గొర్రెల్ని తరమనివ్వకు. ఎవరైనా పలకరిస్తే తిరిగి పలకరించు. నీ రంగు చూసి నువ్వే ముందు సందేహించకు. ఈ మధ్య మన పిల్లలు అక్కడ కనిపిస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

సర్దుకోవాల్సినవి కొన్ని. ఆగస్టు అయినా గాలికోటు తప్పదు. గొడుగు ఆ కొండమీద నిలవదు. మీ అత్తగారికి చీర కింద మందపాటి లెగ్గింగ్సూ, చెప్పులకి బదులు పట్టు ఉన్న బూట్లూ ముందే కొను, ఆవిడ వద్దన్నా సరే. పిల్లలకి పొడుగు ప్యాంట్లు వేసి, మేజోళ్లలోకి దూర్చు. ఫెర్న్ మొక్కల్లో పిడుదులుంటాయి. ఇంటికొచ్చాక స్నానం చేయిస్తూ మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో చూడు. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి, నూనె రాయడం, కాల్చడం చెయ్యకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతూ పోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించమని మీ మావయ్య గట్టిగా చెప్పమన్నారు.

లీడ్స్‌లో ఎండ కాస్తుంటే ఇక్కడా కాస్తుందని నమ్మకు. వెచ్చటి గాలి చల్లటి ఉత్తర సముద్రం మీదికి వస్తే పొగమంచు పుట్టి ఒడ్డుకి ఎక్కుతుంది. పది నిమిషాల్లో కొండ అంచు కనపడకుండా పోతుంది. అలా వస్తే పట్టుదల పడొద్దు. లోపలికి, లిటిల్‌బెక్ దగ్గర అడవిలోకి వెళ్లిపోండి. ఫాలింగ్ ఫాస్ అని ముప్ఫై అడుగుల జలపాతం ఉంది. అక్కడ చెట్ల మధ్య పొగమంచు ఇబ్బంది పెట్టదు. దగ్గర్లోనే ఒకే బండరాయిని తొలిచి చేసిన గది ఉంది, దానిమీద 1790 అని చెక్కి ఉంటుంది. పిల్లలు దాంట్లోంచి బయటికి రారు.

హెదర్ ఆగస్టు నడిమి నుంచి నెలాఖరు దాకా నిండుగా ఉంటుంది. సెప్టెంబరు సగానికి గోధుమరంగుకి తిరిగిపోతుంది. మీ అత్తగారి తిరుగు టికెట్టు ఏ తేదీకో చూసుకుని, ఆలోగా ఒక శనివారం ఖాయం చెయ్యి. ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే కాబట్టి ఆ వారాంతం వద్దు. తేదీ చెప్పగానే నేనూ మీ మావయ్యా పులిహోర చేసుకుని మాస్ట్ దగ్గరికి వచ్చేస్తాం. పొద్దున్నే తొమ్మిదింటికల్లా రండి, పది దాటితే కారు ఆపడానికి చోటుండదు.

మీ అత్త